వాన రోజున వచ్చిన మెసేజి: ఒక ఇన్వెస్టర్ రిలేషన్స్ అధికారి కేసు నోట్సు

2023 డిసెంబరు 4, సోమవారం, ఉదయం పదిన్నర. చెన్నై మీద మిచౌంగ్ తుపాను. వేలచ్చేరిలో మా అపార్టుమెంటు సెల్లారులో కార్లు మునిగి అప్పటికి రెండు గంటలైంది. కరెంటు తెల్లవారకముందే పోయింది. ఫోనులో పద్నాలుగు శాతం చార్జింగు మిగిలింది. అప్పుడు ముంబయి నుంచి ఒక మ్యూచువల్ ఫండ్ మేనేజరు పంపిన మెసేజి వచ్చింది: "అంబత్తూరు ప్లాంటు బాగుందా?"

బాగాలేదు. ఆ సంగతి నాకు ఏడింటికే తెలిసింది. మెషీన్ షాపులో మోకాలి లోతు నీళ్లున్న ఫొటో ప్లాంటు అధిపతి నుంచి వచ్చింది. మార్కెట్‌కు మాత్రం ఇంకా తెలియదు. అడిగిన ఆయన ఫండు చేతిలో మా కంపెనీ వాటాలు దాదాపు నాలుగు శాతం ఉన్నాయి.

ఆ మెసేజికి నేను ఇచ్చిన జవాబు, ఆ తర్వాత పది రోజుల్లో జరిగింది, అందులో నేను చేసిన తప్పులు రెండు: ఈ నోట్సులో ఉన్నది అంతే. కంపెనీ పేరు చెప్పను. అంకెలను గుండ్రం చేశాను, మనుషుల ఆనవాళ్లు కొంత మార్చాను.

మాది వాహనాల విడిభాగాల కంపెనీ. అల్యూమినియం కరిగించి అచ్చుల్లో పోత పోస్తాం, ఆ ముక్కలను కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రాల మీద చెక్కి ద్విచక్ర వాహనాల కంపెనీలకు పంపుతాం. అంబత్తూరులో పాత ప్లాంటు, శ్రీపెరుంబుదూరులో పెద్దది, ఆంధ్ర సరిహద్దు దాటగానే శ్రీసిటీలో కొత్తది ఉన్నాయి. ఏడాది అమ్మకాలు సుమారు 1,600 కోట్ల రూపాయలు, అందులో ఐదో వంతు అంబత్తూరుది.

నా ఉద్యోగం ఏమిటో ఊళ్లో బంధువులకు చెప్పడం ఇప్పటికీ కష్టమే. "షేర్లు కొంటావా, అమ్ముతావా?" అంటారు. నేను రెండూ చేయను. కొన్నవాళ్లకు, అమ్మేవాళ్లకు, కొందామా వద్దా అని చూస్తున్నవాళ్లకు కంపెనీ సంగతులు ఒకే మాటగా, ఒకే వేళకు అందేలా చూస్తాను. స్టాక్ ఎక్స్ఛేంజీ నిబంధనల అమలుకు చట్టరీత్యా బాధ్యుడు కంపెనీ సెక్రటరీ. అయితే ఇన్‌సైడర్ ట్రేడింగ్ (బయటకు రాని సమాచారంతో షేర్లు కొని అమ్మడం) నిరోధానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన నిబంధనల్లో సమాచార వెల్లడికి సంబంధించిన నియమావళి ఒకటి ఉంది. ప్రతి లిస్టెడ్ కంపెనీ ఒక సీనియర్ అధికారిని చీఫ్ ఇన్వెస్టర్ రిలేషన్స్ ఆఫీసర్‌గా నియమించాలని అది చెబుతుంది. మా కంపెనీలో ఆ పేరు నాది. కాబట్టి ఏ సమాచారమైనా ఒకరి చెవిలో ముందు పడితే మొదట నిలదీసేది నన్నే.

మామూలు రోజుల్లో ఈ పనిలో ఉత్కంఠ తక్కువ. ఏడాదికి నాలుగుసార్లు ఫలితాలు, నాలుగు కాన్ఫరెన్స్ కాల్స్, వార్షిక నివేదిక, సర్వసభ్య సమావేశం. బ్రోకరేజీ అనలిస్టులు మా లాభం మీద వేసుకున్న అంచనాలను ఒక షీటులో పెట్టుకోవడం, పోటీ కంపెనీల కాల్స్ వినడం, బయట మా గురించి ఏమనుకుంటున్నారో బోర్డుకు మెత్తబరచకుండా చెప్పడం. ఈ చివరి పని ఎవరికీ ఇష్టం ఉండదు, నాతో సహా.

నాలుగు రోజుల ముందు జరిగిన తప్పు

ఆ సోమవారం నేను రాసిన జవాబు ఇది: "ఈ విషయం మీద ఇప్పుడు మాట్లాడలేను. చెప్పవలసింది ఏదైనా ఉంటే ఎక్స్ఛేంజీలకు తెలియజేస్తాం." నియమాల పుస్తకం పక్కన పెట్టుకుని చూసినా ఇందులో తప్పు కనిపించదు.

తప్పు అంతకు నాలుగు రోజుల ముందే జరిగిపోయింది. నవంబరు చివర్లో నగరంలో గట్టి వాన పడినప్పుడు ఇదే మనిషి ఇదే ప్రశ్న పంపాడు. "ఏ ఇబ్బందీ లేదు సార్, మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి" అని నిమిషంలో జవాబిచ్చాను. అది నిజమే. ధరను కదిలించే రహస్యం కూడా కాదు. పెద్ద వాటాదారుకు చకచకా జవాబిచ్చానని లోలోపల మురిసిపోయాను కూడా.

కానీ గురువారం "బాగుంది" అన్నవాడు సోమవారం "మాట్లాడలేను" అంటే అవతలివాడికి ఏమని వినిపిస్తుంది? ఒక్క అక్షరం చెప్పకుండానే నేను ప్లాంటు మునిగిందని చెప్పేశాను. మౌనం పాటించడం ఎలాగో ఈ వృత్తిలో అందరికీ నేర్పుతారు. ఎండ కాసిన రోజుల్లో మనం వాగిన వాగుడే వాన రోజున మన మౌనానికి అర్థం చెబుతుందని నాకు ఎవరూ నేర్పలేదు.

మెసేజి చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. ఆయన నుంచి మళ్లీ మాట లేదు.

గడియారం ఎప్పుడు మొదలైంది

సెబీ లిస్టింగ్ నిబంధనల్లో 30వది మా వృత్తికి రోజూ చదువుకునే పారాయణం. వరద, అగ్నిప్రమాదం, సమ్మె వంటివాటి వల్ల ఒక యూనిట్ ఆగిపోతే, అది ప్రాధాన్యం గల సంఘటన అయితే, 24 గంటల్లో ఎక్స్ఛేంజీలకు చెప్పాలి. ఆ 24 గంటలు నీళ్లు గేటు దాటిన క్షణం నుంచి కాదు, కంపెనీకి తెలిసిన క్షణం నుంచి లెక్క. మరి కంపెనీకి ఎప్పుడు తెలిసింది? కాపలా మనిషి మూడున్నరకే చూశాడు. ప్లాంటు అధిపతికి ఆరింటికి ఫోను కలిసింది. నాకు ఏడింటికి. మేము ఆరింటినే తీసుకున్నాం. అంటే మంగళవారం ఉదయం ఆరు మాకు గడువు.

ప్రాధాన్యం గలదా కాదా అన్నదానికి 2023 జులై నుంచి కొలతలు వచ్చాయి. టర్నోవరులో 2 శాతం, నికర విలువలో 2 శాతం, గత మూడేళ్ల సగటు నికర లాభనష్టాల్లో 5 శాతం. ఈ మూడింటిలో ఏది తక్కువైతే ప్రభావాన్ని దానితో పోల్చాలి. మాకు మొదటిది 32 కోట్లు, రెండోది 18 కోట్లు, మూడోది 4 కోట్లు. లాభాల శాతం తక్కువగా ఉండే తయారీ కంపెనీల్లో దాదాపు ఎప్పుడూ ఆ మూడోదే పట్టుకుంటుంది. వరుసగా నీళ్లలో నిలబడ్డ సీఎన్‌సీ యంత్రాలను చూస్తే నాలుగు కోట్లు దాటిందని చెప్పడానికి బీమా సర్వేయరు రానక్కరలేదు.

కంపెనీ సెక్రటరీ మేడం మైలాపూరులో ఉంటారు. ఆవిడ ఇంట్లోనూ కరెంటు లేదు. అయినా తొమ్మిది లోపే రెండు పనులు చేశారు. ఈ సంగతి తెలిసినవాళ్ల పేర్లు, వాళ్లకు ఎన్నింటికి తెలిసిందీ కాగితం మీద రాసి పెట్టుకుని, కనెక్షన్ దొరకగానే డిజిటల్ డేటాబేస్‌లో ఎక్కించారు. ట్రేడింగ్ విండో, అంటే కంపెనీ లోపలివాళ్లు షేర్లు కొని అమ్ముకోగల వ్యవధి, మూసేశారు. త్రైమాసికం ముగిశాక ఫలితాలు వచ్చిన 48 గంటల దాకా విండో మూతపడటం అందరికీ అలవాటే. డిసెంబరు తొలి వారంలో అది తెరిచే ఉంటుంది. ఆ తెరిచి ఉండటమే ప్రమాదం. మా సీనియర్ మేనేజరు ఒకాయన కూతురి పెళ్లి ఖర్చు కోసం షేర్లు అమ్ముకోవడానికి శుక్రవారమే ముందస్తు అనుమతి తీసుకున్నారు. అలాంటి అనుమతి ఏడు ట్రేడింగ్ రోజుల దాకా చెల్లుతుంది. ఆవిడ ఆయనకు ఫోను చేసి ఆర్డరు వేయవద్దన్నారు. "మండపానికి అడ్వాన్సు ఈ వారమే కట్టాలమ్మా" అన్నారట ఆయన. "అప్పు చేయండి సార్, ఇది మాత్రం వద్దు" అని ఆవిడ జవాబు. నన్నడిగితే ఆ రోజు మొత్తంలో అందరికంటే శుభ్రంగా జరిగిన పని అదే.

ఆ రోజు మార్కెట్ పరిస్థితి కూడా విచిత్రంగా ఉంది. ముందు రోజే తెలంగాణతో కలిపి నాలుగు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు వచ్చాయి. సోమవారం సెన్సెక్స్ 1,384 పాయింట్లు ఎగిరింది. చెన్నై మునిగిన రోజున దలాల్ స్ట్రీటులో పండగ. ఆ పండగలో మా షేరు ఒకటిన్నర శాతం తగ్గింది. మామూలు రోజున ఒకటిన్నర శాతం ఎవరి కంటా పడదు, ఆ రోజున పడింది. మధ్యాహ్నానికి అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో నీళ్ల వీడియోలు వాట్సాప్‌లో తిరగడం మొదలైంది. ఒక దానిలో మా గేటు బోర్డు సగం కనిపిస్తోంది.

‘వారం’ అనే మాట

ఎక్స్ఛేంజీలకు ఇచ్చే ప్రకటన (ఫైలింగ్) చిత్తుప్రతి నేనే ఫోనులో టైపు చేశాను. ఎండీ గారు బెంగళూరులో ఇరుక్కుపోయారు, ఇక్కడ విమానాశ్రయం మూతపడింది. ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్ఓ, ప్లాంటు అధిపతి, కంపెనీ సెక్రటరీ, నేను. లైను కలిసినప్పుడు కలిసినంత.

నా మొదటి ప్రతిలో నాలుగు వాక్యాలున్నాయి. నీళ్లు వచ్చాయి, ఉత్పత్తి ఆగింది, సిబ్బంది అందరూ క్షేమం, నష్టాన్ని అంచనా వేస్తున్నాం. ఎండీ గారికి అది నచ్చలేదు. "ఇలా రాస్తే ప్లాంటే కొట్టుకుపోయిందనుకుంటారు. 2015లో నగరమంతా మునిగినా మనకు చుక్క రాలేదు. ఈసారి వచ్చినా రెండు రోజుల్లో దిగుతుంది" అన్నారు. ఆయన అబద్ధం చెప్పమనడం లేదు. నిజంగా అలాగే నమ్ముతున్నారు. ఆ ప్లాంటును వాళ్ల నాన్నగారు కట్టించారు.

ప్లాంటు అధిపతిని అడిగాం. "కంట్రోల్ ప్యానెళ్లలోకి నీళ్లు వెళ్లకపోతే వారం, పది రోజులు" అన్నారు. ఈ వాక్యంలో బరువంతా ‘వెళ్లకపోతే’ మీద ఉంది. నీళ్లు దిగితే గానీ ప్యానెల్ తలుపు తెరవలేరు. నేను ఏం చేశానంటే, ఆ షరతును వదిలేసి ‘వారం’ను మాత్రం ఉంచాను. ఉత్పత్తికి స్వల్ప అంతరాయం కలిగిందని, సుమారు వారంలో పునరుద్ధరణ జరుగుతుందని ఆశిస్తున్నామని రాశాను. సాయంత్రం ఏడుంపావుకు అది రెండు ఎక్స్ఛేంజీల సైట్లలోకీ ఎక్కింది. గడువుకు దాదాపు పదకొండు గంటల ముందే ఇచ్చామని ఊపిరి పీల్చుకున్నాను.

చార్జింగు అయిపోతోంది, పైవాళ్లు ఒత్తిడి చేశారు అని సాకులు చెప్పవచ్చు. అసలు కారణం అది కాదు. మంచి వార్త చెప్పి అవతలివాళ్లను కుదుటపరచాలనే కోరిక నాలోనే ఉంది. గురువారం ఫండ్ మేనేజరుకు చకచకా జవాబిచ్చింది కూడా అదే.

మంగళవారం షేరు రెండు శాతం తగ్గి నిలబడింది. ఎండీ గారు "చూశారా" అన్నారు.

బుధవారం నీళ్లు దిగాయి. గురువారం నేను గమ్‌బూట్లు వేసుకుని ప్లాంటుకు వెళ్లాను. వెళ్లకుండా కుదురుతుంది, ఫొటోలు వస్తాయి. కానీ ఫొటోలో వాసన ఉండదు, బురద మందం తెలియదు. కూలెంట్ ట్యాంకుల్లో నూనె, మురుగు కలిసి నల్లటి మడ్డిగా పేరుకుంది. మెయింటెనెన్స్ ఫోర్‌మన్ ఒక ప్యానెల్ తలుపు తీశాడు. లోపల సర్క్యూట్ బోర్డుల మీద ఒండ్రు గీత, నా నడుము ఎత్తున. "ఇవి ఆరబెట్టేవి కావు సార్, మార్చేవి" అన్నాడు. విదేశాల నుంచి రావాలట. యంత్రాల్లో తిరిగే స్పిండిళ్లు విప్పి చూస్తే గానీ చెప్పలేమట. పోత విభాగం పది రోజుల్లో లేస్తుంది, మెషినింగ్‌కు ఆరు వారాలు అన్నాడు. ఎవరి మొహమాటమూ లేకుండా లెక్క చెప్పిన మొదటి మనిషి అతను. సోమవారం నేను ఫోను చేయవలసింది అతనికి.

బాపట్ల మాస్టారు

ఆ సాయంత్రమే ఆఫీసు ల్యాండ్‌లైనుకు ఒక పెద్దాయన ఫోను. రిటైరైన లెక్కల మాస్టారు, బాపట్ల. మా షేర్లు రెండు వందలు, ఇరవై ఏళ్లుగా. ఒకప్పుడు సర్వసభ్య సమావేశాలు టీటీకే రోడ్డులో నారద గాన సభ వంటి హాళ్లలో జరిగే కాలంలో, రాత్రి రైలెక్కి వచ్చి ముందు వరుసలో కూర్చునే రకం. ఆ హాళ్ల దగ్గర కాఫీకి, స్వీటు పొట్లానికి వచ్చేవాళ్లు ఎక్కువని ఎగతాళి చేసేవాళ్లం. తర్వాత సెక్రటేరియల్ ప్రమాణాలు కానుకలు వద్దన్నాయి, 2020 తర్వాత సమావేశమే వీడియోలోకి వెళ్లింది. మాస్టారు మాత్రం బ్యాలెన్స్ షీటు కోసమే వచ్చేవారు.

ఆయన సమస్య డివిడెండ్. రెండేళ్లుగా అందలేదు. డీమ్యాట్‌లో ఉన్న ఖాతా ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, ఈయన పాత వివరాలు మార్చుకోలేదు. ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండ్ ప్రభుత్వ నిధికి వెళ్లిపోతుంది, షేర్లు కూడా ఆ దారే పట్టవచ్చు. అంతదాకా రాలేదని, డీమ్యాట్ ఖాతా నడిపే డీపీ దగ్గర ఏ ఫారం ఇవ్వాలో చెప్పాను. ఇలాంటి పిలుపులు నా బల్ల మీదకు రాకూడదని, వాటాదారుల రికార్డులు చూసే రిజిస్ట్రార్ ఏజెన్సీకి పంపేయాలని వాదించేవాళ్లున్నారు. నేను వారానికి నాలుగైదు తీసుకుంటాను.

"మీ ఊళ్లో ఎలా ఉంది మాస్టారూ?" అన్నాను. మిచౌంగ్ తీరం దాటింది మంగళవారం, బాపట్ల దగ్గరే.

"మా పెంకులు ఎగిరాయిలే, అది మామూలే. మీ ఫ్యాక్టరీలోకి నీళ్లొచ్చాయట కదా బాబూ. వారంలో బాగవుతుందని రాశారు. ఆ వారాన్ని ఎవరు లెక్కగట్టారు?"

నాలుగు రోజులుగా ముంబయి నుంచి, సింగపూరు నుంచి వచ్చిన ఫోన్లలో ఒక్కరూ ఈ ప్రశ్న ఇంత సూటిగా అడగలేదు. "అది ఎక్స్ఛేంజీకి ఇచ్చిన ప్రకటన మాస్టారూ, అంతకు మించి చెప్పకూడదు" అన్నాను. "చెప్పకు. లెక్క చేసిన దారి చూపించనివాడికి మేము మార్కులు వేసేవాళ్లం కాదు, అంతే" అని పెట్టేశారు.

రెండో ప్రకటన

శుక్రవారం, 8వ తేదీ, మార్కెట్ ముగిశాక రెండో ప్రకటన ఇచ్చాం. మెషినింగ్ విభాగానికి ఆరు వారాలు పట్టవచ్చని, కొన్ని ముక్కల పని శ్రీసిటీకి మారుస్తున్నామని. ఈసారి ప్రతి వాక్యం వెనుక మనిషి పేరు అడిగాను, ఎవరు చూసి చెప్పారు, ఎప్పుడు చూశారు అని. పేరు లేని వాక్యం కొట్టేశాను.

సోమవారం షేరు తొమ్మిది శాతం పడింది. నీళ్లు వచ్చాయన్న రోజున రెండు శాతం, ‘వారం’ ఆరు వారాలైన రోజున తొమ్మిది. ఈ రెండు అంకెలను ఇప్పటికీ బల్ల అద్దం కింద పెట్టుకున్నాను.

ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అడిగింది ఒక్కటే, వెంటనే కాన్ఫరెన్స్ కాల్ పెట్టండి అని. అలా పెట్టడానికి వీల్లేదు. అనలిస్టులతో, సంస్థాగత మదుపరులతో సామూహిక సమావేశం పెడితే ఎక్స్ఛేంజీలకు కనీసం రెండు పని దినాల ముందు చెప్పాలి, చెప్పిన రోజూ సమావేశం రోజూ లెక్కలోకి రావు. శుక్రవారం తెలియజేశాం కాబట్టి బుధవారం, 13వ తేదీ. ఈలోగా ఒక్కొక్కరికి విడిగా చెబితే? అడిగినవాళ్లందరికీ అచ్చయిన ప్రకటననే చదివి వినిపించాను. ఒక బ్రోకరేజీ మిత్రుడు "చిలకవా?" అని విసుక్కున్నాడు. అవునన్నాను.

ఆ రెండు రోజులూ అసలు యుద్ధం లోపల జరిగింది. నేను అరవై ప్రశ్నల చిట్టా తయారుచేశాను. బీమాలో యంత్రాల నష్టానికీ, ఉత్పత్తి ఆగి పోయిన లాభానికీ వేర్వేరు పాలసీలు. రెండోదానిలో మొదటి కొన్ని రోజుల నష్టం మనమే భరించాలి. మా దగ్గర కొనే కంపెనీలు వేరే సరఫరాదారు దగ్గరకు పోతే తిరిగి వస్తాయా. ఇవన్నీ అందులో ఉన్నాయి. మొదటి ప్రశ్నగా మాత్రం మాస్టారిదే పెట్టాను. ఎండీ గారు చదివి పక్కన పెట్టేశారు. న్యాయవాది సూచించిన జవాబు ఒకటి ఉంది, ‘ఆ సమయంలో అందుబాటులో ఉన్న సమాచారం మేరకు’ అని మొదలై ఎక్కడికీ చేరని వాక్యం. అదే చదువుతానన్నారు.

తెలుగువాడిని కాబట్టి నాకు ఇలాంటప్పుడు ఒకటే గుర్తొస్తుంది. 2008 డిసెంబరు 16న హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం బోర్డు, ఛైర్మన్ కుటుంబానివైన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. కాన్ఫరెన్స్ కాల్‌లోనే మదుపరులు విరుచుకుపడ్డారు, గంటల్లో నిర్ణయం వెనక్కు పోయింది, అమెరికాలో దాని షేరు సగానికి పైగా పడింది. మూడు వారాలకు, జనవరి 7న, లెక్కలు తప్పుడువని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న ఆ ఉత్తరం వచ్చింది. మా కంపెనీకి దానికి పోలిక లేదు, మాది మోసం కాదు, తొందరపాటు. అయినా ఎండీ గారికి అదే చెప్పాను, ఫోనుకు అటువైపు ఉన్నవాళ్లకు మన గొంతు తప్ప ఇంకేమీ కనిపించదు సార్, తడబాటును దాచే గొంతు ఎలా ఉంటుందో వాళ్లకు బాగా తెలుసు అని. ఆయన ఆ రోజు నాతో కాఫీ తాగలేదు.

బుధవారం నాలుగింటికి కాల్. ప్లాంటు అధిపతిని కూడా కూర్చోబెట్టాను, మా కాల్స్‌లో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. మూడో ప్రశ్నగా ఒక అనలిస్టు అడిగింది: "సోమవారం సాయంత్రం ‘వారం’ అని రాసినప్పుడు దానికి ఆధారం ఏముంది?"

లైనులో నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం. కాల్‌లో అది చాలా పొడుగు. ఎండీ గారి ముందు న్యాయవాది వాక్యం ఉన్న కాగితం ఉంది. ఆయన దాన్ని తిప్పి బోర్లించారు.

"ఆశ తప్ప ఆధారం లేదండి. యంత్రాలను చూడకముందే రాశాం. అలా రాసి ఉండకూడదు."

ఆ తర్వాత ప్రశ్నలన్నీ ప్యానెళ్ల మీద, అచ్చుల తరలింపు మీద, శ్రీసిటీలో మూడో షిఫ్టు మీద. ప్లాంటు అధిపతి చెబుతుంటే శ్రద్ధగా విన్నారు. గంటా పది నిమిషాలు. రికార్డింగును ఆ రాత్రే, మర్నాటి ట్రేడింగ్ మొదలయ్యే లోపు, వెబ్‌సైటులో పెట్టాం. అయిదు పని దినాల్లో పెట్టవలసిన లిఖిత ప్రతిని మూడో రోజుకే ఇచ్చాం. అందులో ఆ నాలుగు సెకన్లు ‘విరామం’ అని కూడా లేవు. లిఖిత ప్రతుల్లో నాకు నచ్చని సంగతి అదే.

ఫిబ్రవరిలో ఫలితాలప్పుడు ఇంకో చిక్కు. నష్టాన్ని ఆ త్రైమాసికంలోనే అసాధారణ అంశంగా చూపాలి, బీమా సొమ్మును మాత్రం వస్తుందని దాదాపు ఖాయమయ్యే దాకా లెక్కలో చూపకూడదు. అందుకని లాభం నిజంగా ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనిపించింది. దాన్ని వివరించడానికి అర పేజీ పట్టిక చాలింది. ఎవరూ గొడవ చేయలేదు.

లెక్కకు అందనిది

11వ తేదీ సోమవారం, రిజిస్ట్రార్ నుంచి వారం వారం వచ్చే వాటాదారుల జాబితా వచ్చింది. మా వాళ్లు బెన్‌పోస్ అంటారు. శుక్రవారానికి, అంతకు ముందు శుక్రవారానికి మధ్య ఎవరి వాటా ఎంత మారిందో అందులో కనిపిస్తుంది. నాకు మెసేజి పంపిన ఆయన ఫండు దగ్గర దాదాపు నాలుగో వంతు షేర్లు తగ్గాయి.

ఏ రోజు అమ్మారో ఆ జాబితా చెప్పదు. కంపెనీ మొత్తం షేర్లలో అర శాతం మించి ఒకే రోజు అమ్మితే ఎక్స్ఛేంజీ బల్క్ డీల్స్ పట్టికలో పేరు పడుతుంది. పడలేదు. అంటే కొద్దికొద్దిగా అమ్మారు. మంగళవారం మా ప్రకటన చూశాక మొదలుపెట్టి ఉండవచ్చు. సోమవారం పదకొండింటికి, నా ‘మాట్లాడలేను’ చూశాక మొదలుపెట్టి ఉండవచ్చు. ఆ సోమవారం ఒకటిన్నర శాతం ఎందుకు తగ్గిందో అప్పటి నుంచీ నాలో తిరుగుతూనే ఉంది.

కంపెనీ సెక్రటరీ మేడం దగ్గరకు వెళ్లి సోమవారం మెసేజి చూపించాను. చదివి, "మీరు సమాచారం ఏమీ ఇవ్వలేదు" అన్నారు. వెంటనే, "నవంబరుది కూడా చూపించండి" అన్నారు. చూపించాను. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. రెండింటినీ ఫైలులో పెట్టించారు, నేను రాసిన ఒక పేజీ వివరణతో సహా. ఎవరూ అడగలేదు, అడిగితే ఉంటుంది.

ఆ తర్వాత మా దగ్గర మారినవి చిన్నవి. ప్రతి ప్లాంటులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్ నంబరు నా ఫోనులో ఉంది. ప్రమాద ప్రకటన నమూనాలో ఇప్పుడు ‘ఎప్పటికి బాగవుతుంది’ అనే గడి లేదు, ‘మళ్లీ ఎప్పుడు చెబుతాం’ అనే గడి ఉంది. ఎండీ గారు ఆ నమూనా మీద సంతకం చేసేటప్పుడు ఏమీ అనలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఎంబీఏ కుర్రాడిని మొదటి నెల ఎక్సెల్ ముట్టుకోనివ్వలేదు, మూడు ప్లాంట్లలో షిఫ్టులు తిరగమన్నాను. వాడికి నా మీద కోపం. ఫోర్‌మన్లతో తమిళంలో మాట్లాడటం నేర్చుకున్నాడు, అది చాలు.

ఇంకొకటి, వ్యక్తిగత మెసేజీలకు నా జవాబు. ప్లాంటు గురించి, ఆర్డర్ల గురించి, నెల అమ్మకాల గురించి, ఎవరు ఏ రోజు అడిగినా ఒకే వాక్యం పంపుతాను: "చెప్పవలసినవన్నీ ఎక్స్ఛేంజీ సైటులో ఉన్నాయి, ఇంకేమైనా ఉంటే అక్కడే వస్తుంది." మొదటి ఆరు నెలలు చాలామందికి ఒళ్లు మండింది. ఇద్దరు అనలిస్టులు సీఎఫ్ఓకు ఫిర్యాదు చేశారు, మీ వాడికి పొగరెక్కిందని. సీఎఫ్ఓ ఆ ఫిర్యాదులను నాకు పంపి, కింద ఒక నవ్వు ముఖం పెట్టారు.

2024 నవంబరు 30, శనివారం. ఫెంగల్ తుపాను. మళ్లీ విమానాశ్రయం మూత, మళ్లీ వేలచ్చేరి రోడ్ల మీద నీళ్లు. కార్లను జనం ముందే ఫ్లైఓవరు ఎక్కించేశారు. పొద్దున్నే అంబత్తూరు ఫోర్‌మన్ ఫోను చేశాడు, షాపు పొడిగా ఉంది, గేటు దగ్గర కట్టిన గట్టు నిలబడింది, పంపులు నడుస్తున్నాయి అని. పదిన్నరకు ముంబయి నుంచి మెసేజి, అదే మనిషి. ఈలోగా ఆయన ఫండు అమ్మిన షేర్లలో సగం తిరిగి కొనుక్కుంది.

"ప్లాంటు బాగుందా?"

బాగుంది, సార్, చుక్క నీరు లేదు అని వేళ్ల చివరి దాకా వచ్చింది. చెప్పవలసినవన్నీ ఎక్స్ఛేంజీ సైటులో ఉన్నాయి, ఇంకేమైనా ఉంటే అక్కడే వస్తుంది అని పంపాను.

రెండు నీలం గీతలు. కాసేపటికి ఒక బొటనవేలు బొమ్మ.